చీటీ లేని పురుగు, పురుగు లేని చీటీ

(అనంతపురంలో జంతుశాస్త్రం చదువుతున్న డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాట్లాడేముందు ఈ రెండు పెట్టెలు బల్ల మీద పెడుతున్నాను. వెనక వరసల్లో ఉన్నవాళ్ళకు సరిగ్గా కనిపించవు, అయ్యాక ముందుకొచ్చి తీరిగ్గా చూడండి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు పెట్టెల మధ్యే ఉంది.

మొదటిది ఈ ఫోటో ఫ్రేమ్ లాంటిది. మా మేనల్లుడు అమెరికా నుంచి వస్తూ మా గృహప్రవేశానికి తెచ్చాడు. లోపలున్నది మార్ఫో అనే సీతాకోకచిలుక. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉంటుంది. ఆ నీలం చూడండి, కొంచెం వంచితే మెరుస్తుంది, ఇంకా వంచితే మాయమవుతుంది. అది పూసిన రంగు కాదు. రెక్క మీది సన్నని పొలుసుల కట్టుబడిలో వెలుగు పడి తిరిగి వచ్చేటప్పుడు పుట్టే రంగు. అందుకే ఎన్నేళ్ళయినా వెలిసిపోదు. చాలా అందంగా ఉంది, నేను కాదనను. ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాను. ఒక బార్‌కోడ్, దాని కింద ధర. అంతే. ఏ దేశం, ఏ అడవి, ఏ రోజు, ఎవరు పట్టారు, ఏ చెట్టు దగ్గర దొరికింది, ఒక్క ముక్క లేదు.

రెండోది ఈ చెక్క పెట్టె. ఒక కాలేజీలో జువాలజీ మ్యూజియం గది ఖాళీ చేస్తూ బయట పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. మూత తీస్తే ఇంకా కలరా ఉండల వాసన వస్తుంది. లోపల వరసగా ఇరవై నాలుగు సూదులు నిలబడి ఉన్నాయి. ఒక్కో సూదికి ఒక్కో చిన్న చీటీ, సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ సూదుల మీద పురుగులు లేవు. కింద గోధుమరంగు పొడి ఉంది. మ్యూజియం బీటిల్ అని ఒక పెంకుపురుగు ఉంటుంది, ఆవగింజంత. దాని పిల్లలు ఎండిన పురుగుల్ని లోపల్నుంచి తినేస్తాయి. అవి తినగా మిగిలినదే ఆ పొడి. ఒక్క సూదికి మాత్రం ఒక రెక్క డిప్ప వేలాడుతోంది. ఆకుపచ్చ, అంచున బంగారం. చూడగానే గుర్తుపడతారు, జీరంగి. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచినవాళ్ళు ఈ హాల్లో ఉండే ఉంటారు. దాని చీటీ చదువుతున్నాను: "తాడిపత్రి, పెన్న ఒడ్డు, తుమ్మచెట్టు మీద, 12-8-1967."

ఒక దాంట్లో పురుగు ఉంది, చీటీ లేదు. ఇంకో దాంట్లో చీటీ ఉంది, పురుగు లేదు. ఈ రెండింట్లో ఏది ఎక్కువ నష్టం అని మీరు అడిగితే, నా జవాబు చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

డబ్బు సంగతి దగ్గర మొదలుపెడదాం. మ్యూజియం అనగానే ప్రభుత్వం కట్టిందనుకుంటాం. చాలా పెద్ద మ్యూజియాలు మొదలైంది ఒక మనిషి కొనుగోళ్ళతో. లండన్‌లో సర్ హాన్స్ స్లోన్ అని ఒక డాక్టర్ ఉండేవాడు. వైద్యంలో సంపాదించాడు, భార్య తరఫున జమైకాలో బానిసలతో చేయించిన చెరకు తోటల ఆదాయం కూడా వచ్చేది. ఆ డబ్బుతో మొక్కలు, గవ్వలు, పురుగులు, నాణేలు, పుస్తకాలు, దొరికిందల్లా కొన్నాడు. 1753లో చనిపోతూ, నా కూతుళ్ళకు 20,000 పౌండ్లు ఇస్తే ఇదంతా దేశానిది అని వీలునామా రాశాడు. పార్లమెంటు దగ్గర ఆ డబ్బు లేదు. ఏం చేశారో తెలుసా? లాటరీ పెట్టారు. 3 పౌండ్ల టికెట్టు, లక్ష టికెట్లు. ఆ డబ్బుతో బ్రిటిష్ మ్యూజియం పుట్టింది.

ఇక్కడిదాకా అందరూ చెప్పుకుంటారు. ఆ తర్వాతిది ఎవరూ పెద్దగా చెప్పరు. స్లోన్ జాబితాలో దాదాపు 5,500 పురుగులు ఉండేవి. 1833 నాటి నివేదిక ప్రకారం వాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఎనభై ఏళ్ళలో మొత్తం పోయాయి. కొనడానికి లాటరీ పెట్టినవాళ్ళకు కాపాడటానికి చేతులు రాలేదు. మనవాళ్ళంటారే, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు. అచ్చం అదే జరిగింది. ఈ పెట్టెలోని పొడికీ ఆ పొడికీ తేడా లేదు. ఊరు వేరు, కాలం వేరు, అంతే.

ఇప్పుడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ దగ్గరికి వద్దాం. పరిణామ సిద్ధాంతంలో డార్విన్ పేరుతో పాటు ఈయన పేరు చదువుకున్నారు. కానీ ఆయన పూట ఎలా గడిచిందో పాఠంలో ఉండదు. డార్విన్‌కు ఇంటి ఆస్తి ఉంది. వాలెస్‌కు ఏమీ లేదు. పురుగులు పట్టి అమ్ముకుని బతికాడు. ఆయన అడవిలో పట్టి పంపితే, లండన్‌లో శామ్యూల్ స్టీవెన్స్ అనే ఏజెంటు బ్రిటిష్ మ్యూజియానికీ, డబ్బున్న సేకర్తలకూ అమ్మి, డబ్బు పంపేవాడు. 1852లో అమెజాన్ నుంచి తిరిగి వస్తుంటే నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంది. నాలుగేళ్ళ కష్టంలో తనతో తెస్తున్నదంతా కాలిపోయింది. స్టీవెన్స్ ముందుచూపుతో బీమా చేయించి ఉండబట్టి కాస్త డబ్బు వచ్చి నిలదొక్కుకున్నాడు. 1854లో మళ్ళీ బయల్దేరి మలయా, ఇండోనేషియా దీవుల్లో ఎనిమిదేళ్ళు తిరిగాడు. మొత్తం 1,25,660 నమూనాలు సేకరించాడు. అందులో 83,200 పెంకుపురుగులే.

ఆయన ఆ పురుగుల్ని అమ్మాడు కదా, మరి వ్యాపారికీ ఆయనకూ తేడా ఏమిటి? చీటీయే తేడా. అమెజాన్‌లో తిరిగినప్పుడే ఆయనకు ఒక విషయం తెలిసింది. మ్యూజియాల్లో ఉన్న కోతుల చర్మాలకు "బ్రెజిల్" అనో, "అమెజాన్" అనో రాసి ఉండేది. నదికి ఏ ఒడ్డున దొరికిందో రాయకపోతే ఇది దేనికీ పనికిరాదని 1852లోనే గట్టిగా రాశాడు. ఎందుకంటే నదికి ఈ ఒడ్డున ఒక జాతి, ఆ ఒడ్డున ఇంకో జాతి ఉన్నాయని ఆయన కళ్ళారా చూశాడు. తర్వాత దీవుల్లో ఏ దీవిలో పట్టింది ఆ దీవి పేరు రాసుకున్నాడు. బాలి, లొంబోక్ దీవుల మధ్య సముద్రం పాతిక మైళ్ళు కూడా ఉండదు, కానీ ఇటు పక్షులు వేరు, అటు పక్షులు వేరు. ఈ రోజు పుస్తకాల్లో వాలెస్ రేఖ అని గీత గీస్తామే, ఆ గీత చీటీల మీద నిలబడింది. డార్విన్ గలాపగోస్‌లో ఫించ్ పిట్టల్ని ఏ దీవిలో ఏది పట్టిందీ సరిగ్గా రాసుకోలేదు. తర్వాత ఓడలోని మిగతావాళ్ళ చీటీలు చూసి సరిచేసుకోవాల్సి వచ్చింది. అంతటి మనిషికీ చీటీ లేకపోతే ఇబ్బందే.

డబ్బూ, పురుగులూ ఒకే చోట కనిపించే కథ ఇంకోటి ఉంది. వాల్టర్ రాత్‌షైల్డ్. లండన్ బ్యాంకుల కుటుంబంలో 1868లో పుట్టాడు. ఏడేళ్ళప్పుడే నేను మ్యూజియం పెడతానని అమ్మానాన్నలకు చెప్పేశాడు. ఇరవయ్యొకటో పుట్టినరోజుకి తండ్రి ట్రింగ్ అనే ఊళ్ళో మ్యూజియానికి భవనం కట్టించి ఇచ్చాడు. 1892లో జనం చూడటానికి తెరిచారు. ప్రపంచం నలుమూలలా మనుషుల్ని పెట్టి కొనిపించాడు. సీతాకోకచిలుకలు, మాత్‌లు కలిపి ఇరవై లక్షలు దాటాయి. ఆయన పంపిన వాళ్ళలో ఆల్బర్ట్ మీక్ అనే అతను 1906లో న్యూగినీలో చెట్ల పైకొమ్మల్లో ఎగురుతున్న ఒక పెద్ద సీతాకోకచిలుకను చిన్న తుపాకి పేల్చి కిందికి దించాడు. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద సీతాకోకచిలుక అదే, క్వీన్ అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్. ఆడదాని రెక్కలు విప్పితే దాదాపు అడుగు. తుపాకి గుండ్ల చిల్లులతో ఉన్న ఆ నమూనా ఇప్పటికీ లండన్‌లో ఉంది.

కానీ నాకు ఈ కథలో ముఖ్యం రాత్‌షైల్డ్ కాదు, ఆయన జీతం ఇచ్చి పెట్టుకున్న కార్ల్ జోర్డాన్. జర్మనీ నుంచి వచ్చిన బడిపంతులు. ట్రింగ్‌లో కూర్చుని, వచ్చిన ప్రతి పెట్టె విప్పి, చీటీ చూసి, ఒకే జాతి ఒక్కో చోట ఎలా మారుతోందో వరసపెట్టి చూపించాడు. ఒక జాతికి అందమైన ఒక్క నమూనా చాలదు, ఒక్కో ప్రాంతం నుంచి పదులకొద్దీ కావాలి, ప్రతిదానికీ ఊరు, తేదీ ఉండాలి అని పట్టుబట్టాడు. రాత్‌షైల్డ్ డబ్బు పురుగులు కొనడంతో ఆగలేదు, జోర్డాన్ లాంటి మనిషిని కూడా నిలబెట్టింది. అక్కడే ట్రింగ్ మ్యూజియం అయింది, లేకపోతే గొప్పింటి బీరువాగా మిగిలిపోయేది.

వాల్టర్ తమ్ముడు చార్లెస్‌కు ఈగలు, సీతాకోకచిలుకలు కాదు, ఎలుకల్లాంటి జంతువుల ఒంటి మీద ఉండి రక్తం పీల్చే, చిన్న గోరంత కూడా లేని పురుగుల మీద మోజు. ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. అందరూ నవ్వే సేకరణ అది. 1903లో ఆయన ఒక కొత్త ఫ్లీకి కియోపిస్ అని పేరు పెట్టాడు, ఇప్పుడు దాన్ని జెనోప్సిల్లా కియోపిస్ అంటారు. 1896 నుంచి మన దేశంలో లక్షల మందిని పొట్టన పెట్టుకున్న ప్లేగును ఎలుక నుంచి మనిషికి అంటించేది ముఖ్యంగా ఆ పురుగేనని ఇక్కడ ప్లేగు కమిషన్ పరిశోధనల్లో తేలింది. ఏ సేకరణ ఎందుకు పనికొస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇక ఆ కథలో బాధ కలిగించే భాగం. 1932లో రాత్‌షైల్డ్ తన పక్షుల చర్మాలు దాదాపు 2,80,000 న్యూయార్క్ మ్యూజియానికి 2,25,000 డాలర్లకు అమ్మేశాడు. ఎందుకు అమ్మాడో అప్పుడు ఎవరికీ తెలియదు. ఒకావిడ బ్లాక్‌మెయిల్ చేస్తుంటే తట్టుకోలేక అమ్మాడని తర్వాత ఆయన తమ్ముడి కూతురు రాసింది. ఒక్క మనిషి జేబు మీద ఆధారపడిన మ్యూజియానికి ఆ జేబుకు కష్టం వచ్చినరోజే గండం. 1937లో ఆయన చనిపోతూ మిగిలిందంతా, పురుగులతో సహా, దేశానికి రాసిచ్చాడు. అలా ఆ చీటీలన్నీ ఈ రోజు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.

ఇప్పటి వ్యాపారం సంగతి. ఐరోపాలో, జపాన్‌లో పురుగుల సంతలు జరుగుతాయి. ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతాయి. 1999లో టోక్యోలో బతికున్న ఒక స్టాగ్ బీటిల్ అనే పెంకుపురుగు కోటి యెన్‌లకు అమ్ముడుపోయిందని పేపర్లన్నీ రాశాయి. ఇందాక చెప్పిన అలెగ్జాండ్రా బర్డ్‌వింగ్‌ను అంతర్జాతీయంగా అమ్మడం నిషేధం. అయినా అమెరికాలో ఒక స్మగ్లరు జంటను 8,500 డాలర్లకు అమ్మి దొరికిపోయి, 2007లో 21 నెలల జైలుకు వెళ్ళాడు. మన దేశంలో అయితే 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ళలో ఉన్న సీతాకోకచిలుకల్ని, చచ్చినవైనా సరే, పట్టడం, కొనడం, అమ్మడం నేరం. ఫోన్‌లో ఎవరో పెట్టారని ఆర్డర్ చేయకండి, టెన్షన్ కొని తెచ్చుకోవద్దు.

అమ్మకమంతా చెడ్డదని నేను అనను. న్యూగినీలోనే, బులోలో అనే ఊళ్ళో 1978లో ప్రభుత్వం ఒక సంస్థ పెట్టింది. పల్లెవాళ్ళు తమ పెరట్లో, అడవి అంచున ఒక తీగ నాటుతారు. మన ఈశ్వరి తీగ, గాడిదగడపాకు ఉన్నాయే, ఆ కుటుంబానిదే. బర్డ్‌వింగ్‌లు వచ్చి దాని మీద గుడ్లు పెడతాయి. పల్లెవాళ్ళు గొంగళిని కాపాడి, సీతాకోకచిలుకగా మారాక కొన్నిటిని అమ్ముతారు, కొన్నిటిని వదిలేస్తారు. నిషేధం లేని జాతులే సుమా. డబ్బు పల్లెకు వస్తుంది, తీగ ఉండాలంటే అడవి అంచు ఉండాలి, కాబట్టి ఆ అంచును నరకరు. ఇలాంటి చోటి నుంచి కాగితాలతో వచ్చినదైతే నాకు అభ్యంతరం లేదు.

మన జిల్లా కథ చెప్పకుండా వెళ్తే నన్ను నేను క్షమించుకోలేను. ఇక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలో గుత్తి. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక సాలీడును వర్ణించాడు. పురుగు కాదు, ఎనిమిది కాళ్ళది, కానీ వ్యాపారం ఒకటే. మెరిసే నీలం ఒళ్ళు, కాళ్ళ మీద పసుపు మచ్చలు. పోయికిలోథీరియా మెటాలికా. ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్కటి, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. చీటీ మీద గుత్తి అని రాశారు. ఆ తర్వాత వందేళ్ళపైన మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, పాత చెట్ల తొర్రల్లో దొరికింది. గుత్తికి అది వంద కిలోమీటర్లు. కలప దుంగలతో పాటు రైలెక్కి గుత్తిలో దిగి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. చీటీ మీద "గుత్తి" అని మాత్రమే కాక "రైల్వే కలప యార్డు" అని కూడా నమోదయింది కాబట్టే ఆ ఊహకు దారి దొరికింది. ఒక్క మాట ఎక్కువ రాసిన మనిషికి మనం రుణపడి ఉన్నాం.

మళ్ళీ కనిపించిన కొన్నేళ్ళకే అది విదేశాల్లో పెంపుడు జంతువుల అంగళ్ళకు చేరింది. ఇప్పుడు అక్కడే గుడ్లు పొదిగించి పెంచి అమ్ముతున్నారు, "గుత్తి సఫైర్" అని మన ఊరి పేరు పెట్టుకుని. ఇక్కడ అది ఉండే అడవి మొత్తం కలిపినా వంద చదరపు కిలోమీటర్లు లేదని 2008లో లెక్కగట్టి, అంతరించే ప్రమాదం అతి ఎక్కువగా ఉన్న జాతుల్లో చేర్చారు. 2019లో ఈ సాలీళ్ళ అంతర్జాతీయ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ మన పేరుతో నడిచే ఆ అమ్మకంలో ఒక్క రూపాయైనా ఆ తొర్రలున్న చెట్లకు గానీ, వాటి గురించి చదివే మన పిల్లలకు గానీ రావాలి కదా? ఆ ప్రశ్న నన్ను వదలదు.

కాపాడటానికి డబ్బు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే రియో డి జనీరో చాలు. బ్రెజిల్ నేషనల్ మ్యూజియం 1818లో పెట్టింది. ఏడాదికి 5,20,000 బ్రెజిల్ రియాల్‌ల నిర్వహణ ఖర్చు, అది కూడా 2014 నుంచి పూర్తిగా రాలేదు. 2018 జూన్‌లో ఒక ప్రభుత్వ బ్యాంకు 2.17 కోట్ల రియాల్‌లు ఇవ్వడానికి సంతకం చేసింది, అందులో నిప్పును ఆపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. డబ్బు చేరకముందే సెప్టెంబర్ 2 రాత్రి అంటుకుంది. దగ్గరి పైపుల్లో నీళ్ళు లేవు. దాదాపు 50 లక్షల పురుగులు కాలిపోయాయి. చీటీలతో సహా. దానికి రెండేళ్ళ ముందు, 2016 ఏప్రిల్ 26న, ఢిల్లీ మండీ హౌస్ దగ్గర అద్దె భవనంలో ఉన్న మన జాతీయ ప్రకృతి విజ్ఞాన మ్యూజియం కూడా ఇలాగే కాలిపోయింది.

నాకు తెలిసిన ఒక చోట మ్యూజియానికి గ్రాంటు వస్తే పెద్ద టీవీ కొన్నారు, టైల్స్ వేశారు. కలరా ఉండలకు మాత్రం బిల్లు పెట్టే పద్దు లేదన్నారు. ఎవరినీ తిట్టడానికి చెప్పడం లేదు. రిబ్బన్ కత్తిరించేందుకు టీవీ పనికొస్తుంది, కలరా ఉండలు పనికిరావు. కానీ ఏడాదికి రెండుసార్లు ప్రతి పెట్టె మూత తీసి, పొడి రాలిందా అని చూసే ఒక మనిషి ఉంటే ఈ 1967 పెట్టె ఈ రోజు నిండుగా ఉండేది.

డబ్బున్నవాళ్ళే చేయాలని లేదు. జర్మనీలో క్రెఫెల్డ్ అనే ఊళ్ళో పురుగులంటే ఇష్టమున్న మామూలు మనుషుల సంఘం ఉంది. పట్టిన పురుగుల్ని పాత బడి భవనంలో సీసాల్లో స్పిరిట్ పోసి, తేదీ రాసి, ఇరవై ఏడేళ్ళు దాచారు. అక్కడి ఎగిరే పురుగుల బరువు నాలుగింట మూడొంతుల పైన తగ్గిపోయిందని 2017లో ప్రపంచానికి తెలిసింది ఆ సీసాల వల్లే. శాన్‌ఫ్రాన్సిస్కో ఇసుక దిబ్బల్లో ఉండే జెర్సీస్ బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక 1940ల్లో అంతరించింది. అది నిజంగా వేరే జాతేనా అని చాలాకాలం వాదన. 2021లో షికాగో మ్యూజియంలోని 93 ఏళ్ళ నమూనా నుంచి చిటికెడు ముక్క తీసి డీఎన్ఏ చదివి, వేరే జాతేనని తేల్చారు. 93 ఏళ్ళు దాన్ని ఎవరో ఒకరు పొడి కాకుండా చూశారు, వాళ్ళ పేర్లు మనకు తెలియవు.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా గోడకు సీతాకోకచిలుక ఫ్రేమ్ కొందామంటే, ఎక్కడిది, పెంచినదా పట్టినదా, కాగితం ఉందా అని అడగండి. లేదంటే కొనొద్దనండి. ఆ డబ్బుతో మీ కాలేజీలోనే ఒక డ్రాయర్ బాగుచేయించవచ్చు. గాలి చొరని మూత, అడుగున మెత్తటి షీటు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు. పాత విద్యార్థులు కలిసినప్పుడు భోజనాలకు పెట్టే ఖర్చులో ఒక భాగం ఇటు ఇస్తే ఒక బీరువా నిలబడుతుంది. పెద్దవాళ్ళు ఎవరైనా రిటైరై, సొంతంగా పోగేసిన పెట్టెలు ఇంట్లో ఉంటే, వాళ్ళ చేతనే చీటీలు చదివించి రాసిపెట్టుకోండి. వాళ్ళు పోయాక ఆ రాత ఎవరూ చదవలేరు.

ఈ జీరంగి చీటీ రాసిన మనిషి ఎవరో నాకు తెలియదు, పేరు చివర సిరా అలికిపోయింది. కానీ ఊరు తెలుసు, ఒడ్డు తెలుసు, చెట్టు తెలుసు, తేదీ తెలుసు. పోయినేడు ఆగస్టులో వెళ్ళి చూశాను. పెన్నలో ఇసుక చాలావరకు ఎత్తుకుపోయారు. తుమ్మచెట్లు పాతవి నాలుగు కనిపించాయి, మిగతా అంతా సీమతుమ్మ. రెండు గంటలు వెతికాను, జీరంగి దొరకలేదు. ఒక్కడి కళ్ళు చాలవు. ఈ ఆగస్టు 12న పొద్దున ఆరింటికి మళ్ళీ వెళ్తున్నాను. పట్టడానికి కాదు, ఫోటో తీసి, చెట్టు పేరు, చోటు, టైమ్ రాసుకోవడానికి. రావాలనుకునేవాళ్ళు ఈ పెట్టె చూసి వెళ్ళేటప్పుడు బల్ల మీది నోట్‌బుక్‌లో పేరు రాయండి. టోపీ, నీళ్ళ సీసా, పెన్సిల్ తెచ్చుకోండి. పెన్ను వద్దు, వాన పడితే సిరా అలికిపోతుంది.